నీడలో ఉన్న రంగు

ఫొటో ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాళ్ళూ మొదటి వారంలో చేసే పని ఒకటుంది. సాచురేషన్ అని రాసి ఉన్న స్లైడర్‌ని పట్టుకుని కుడివైపుకి లాగడం. లాగగానే బొమ్మ లేచి కూర్చుంటుంది. ఆకాశం నీలమవుతుంది, గడ్డి పచ్చబడుతుంది, బంతిపూలు మండుతాయి. ఇంకొంచెం లాగితే బంతిపూలకి రేకులు పోతాయి. రేకుకీ రేకుకీ మధ్య ఉన్న సన్నటి తేడా పోయి నారింజరంగు ముద్ద ఒకటి మిగులుతుంది. పట్టుచీర ప్లాస్టిక్ అవుతుంది. కుంకుమ బొట్టు స్కెచ్ పెన్‌తో పెట్టినట్టు ఉంటుంది. అప్పుడు స్లైడర్‌ని వెనక్కి తెచ్చి, ఎక్కడో సగంలో ఆపి, ఇదే బాగుందిలే అనుకుంటాం.

ఆ స్లైడర్‌తో చిక్కేమిటంటే, బొమ్మలో వెలుగెక్కడుందో చీకటెక్కడుందో దానికి పట్టదు. దీపం మంటకీ, వెనక గోడ మీద పడిన నీడకీ అది ఒకే లెక్క కడుతుంది. భోజనాల పంక్తిలో చంటిపిల్లాడికీ, వాడి పెదనాన్నకీ ఒకే గరిటెడు వడ్డించుకుంటూ పోయినట్టు.

సాచురేషన్ పక్కన వైబ్రెన్స్ అని ఇంకోటి ఉంటుంది. అది కొంచెం నయం. ఇప్పటికే రంగు బాగా ఉన్నచోట తక్కువ పోసి, లేనిచోట ఎక్కువ పోస్తుంది. కానీ అది చూసేది కూడా రంగునే, వెలుగుని కాదు. నేను చెప్పాలనుకుంటున్నది మూడో పద్ధతి గురించి. బొమ్మని వెలుగు స్థాయిని బట్టి విడదీసి, నీడలకి ఒక మోతాదు, మధ్యస్థానికి ఒకటి, బాగా వెలుగున్న చోట్లకి ఇంకోటి ఇవ్వడం. డావిన్చీ రిజాల్వ్‌లో దీనికి ఒక వంపుగీత ఉంది. అడ్డంగా ఎడమ నుంచి కుడికి చీకటి నుంచి వెలుగు, నిలువుగా రంగు మోతాదు. ఫొటోషాప్‌లో సాచురేషన్ లేయర్ వేసి, బ్లెండ్ ఇఫ్ అనే చోట ఏ వెలుగు నుంచి ఏ వెలుగు దాకా అది పనిచేయాలో చెప్పొచ్చు. నేను వాడేది డార్క్‌టేబుల్. డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి మొదలుపెట్టాను, ఇప్పుడు అలవాటైపోయింది. అందులో కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ అనే మాడ్యూల్లో నీడలు, మధ్యస్థాలు, వెలుగులు అని మూడు వేరువేరు స్లైడర్లు ఉంటాయి. నీడ ఎక్కడ ఆగిపోవాలి, వెలుగు ఎక్కడ మొదలవ్వాలి అన్నది కూడా మనమే జరుపుకోవచ్చు.

ఇదంతా నాకెందుకంటే, వారంలో ఐదు రోజులు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మిగిలిన రాత్రుళ్ళు పెళ్ళిఫొటోలు దిద్దుతాను. కాలేజీలో నాతో చదివిన ఒకతను పెళ్ళిళ్ళకి కెమెరా పట్టుకెళ్తాడు. ఏ నాలుగు వేల ఫొటోలో తెచ్చి నా హార్డ్‌డిస్క్‌లో పోస్తాడు. ఆల్బమ్‌కి వెళ్ళేవి మూడు నాలుగు వందలు.

తెలుగు పెళ్ళి ఫొటో, రంగులు దిద్దేవాళ్ళకి ఒక పరీక్ష. ముహూర్తం ఏ తెల్లవారుజామునో ఉంటుంది. వధువు ఒంటి మీద మధుపర్కాలు, అంటే తెల్లటి నూలుబట్ట, ఎర్రంచు. చేతుల్లో పసుపు పట్టించిన తలంబ్రాలు. వెనక డెకరేషన్ వాళ్ళు పెట్టిన గులాబీరంగు ఎల్ఈడీలు. పైనుంచి వీడియో లైటు. ముందు హోమం. వీటన్నిటి మధ్యా ఒక మొహం. తెల్లబట్ట కాలిపోకుండా కెమెరా జాగ్రత్తపడితే మొహం చీకట్లోకి పోతుంది. మొహం కోసం చూస్తే తలంబ్రాలు పోతాయి.

అన్నిటికన్నా ముందు పోయేది పసుపే. దానికి లెక్క ఉంది. మన తెరల మీద తెలుపు వెలుగుని 100 అనుకుంటే, పూర్తి పసుపు ఒక్కటే దాదాపు 93 దాకా ఉంటుంది. పూర్తి నీలం 7 మాత్రమే. పసుపు తన నిండురంగుని వెలుగులో చూపిస్తుంది, నీలం చీకట్లో చూపిస్తుంది. ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికన్ చిత్రకళ మాస్టారు 1905లో రంగులకి ఒక పద్ధతి రాసి, తర్వాత వాటిని వరసగా అమర్చబోతే, ఆయన అనుకున్నట్టు నున్నటి గోళం రాలేదు. ఒక్కో రంగు ఒక్కో ఎత్తులో బయటికి పొడుచుకొచ్చింది. పసుపు పైన, ఊదా కింద. అందుకే బొమ్మంతటికీ ఒకేసారి రంగు పెంచితే పైన ఉన్న పసుపు ముందు గోడకి కొట్టుకుంటుంది, కిందున్న వాటికి ఇంకా ఆకలి తీరదు.

అలాగని నీడలన్నిటికీ పోసెయ్యడమూ కుదరదు. మరీ చీకటిగా ఉన్నచోట కెమెరా పట్టిందేమీ ఉండదు, నలకలు తప్ప. అక్కడ రంగు పెంచితే ఎర్రవీ పచ్చవీ చుక్కలు చుక్కలుగా లేస్తాయి. మన కంటికి కూడా చీకట్లో రంగు తెలీదు. వెలుగు తగ్గేకొద్దీ రంగుని చూసే కణాలు పని మానేసి, నలుపు-తెలుపు మాత్రమే తెలిసిన కణాలు అందుకుంటాయి. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు రెండు వందల ఏళ్ళ క్రితమే దీని అంచుని గమనించాడు. పగలు ఆకులకన్నా ప్రకాశంగా కనిపించే ఎర్రపూలు, మసకవెలుగులో ఆకులకన్నా నల్లగా కనిపిస్తాయి. 1952లో హంట్ అనే ఆయన దీనికి రెండో వైపు చూపించాడు. వెలుగు పెరిగేకొద్దీ అదే రంగు మనకి ఇంకా నిండుగా కనిపిస్తుంది. అంటే మన కళ్ళలో కూడా ఇలాంటి ఒక వంపుగీత ఉంది.

మన భాషలోనూ ఉంది. నేను ఎక్కువ ఆలోచించింది దాని గురించే.

ఛాయ అంటే నీడ. ఛాయ అంటే ఒంటిరంగు కూడా. ఛాయ అంటే పోలిక: వాళ్ళ నాన్న ఛాయలు ఉన్నాయి అంటాం. ఫొటోకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఛాయాచిత్రం. ఇన్ని అర్థాలని ఒకే మాటలో పెట్టుకున్నవాళ్ళం నీడకి ఎంతో రంగు ఇచ్చి ఉండాలి కదా! కానీ మనం మనుషుల రంగు చెప్పే మాటలు వరసగా పెట్టి చూడండి. తెల్లగా ఉన్నవాళ్ళని మన ఊళ్ళో ఎర్రగా ఉన్నారంటారు. ఎర్రగా బుర్రగా. కొందరు పచ్చగా ఉంటారు, పసిమిఛాయ. ఇంకొందరు గోధుమరంగు, బంగారు ఛాయ. వెలుగున్న వైపు ఎరుపుంది, పసుపుంది, బంగారముంది. అక్కణ్ణుంచి కిందికి వస్తే చామనఛాయ అని ఒక మెట్టుంది, శ్యామ నుంచి వచ్చిన మాట. అది దాటితే నలుపు. అంతే. కాకినలుపు, బొగ్గునలుపు అని తిట్లున్నాయి కానీ రంగులు లేవు. తెలుగులో ఒంటిరంగుల వంపుగీత పైన ఎత్తుగా ఉండి కింద సున్నాకి దిగిపోతుంది.

దేవుళ్ళకి మాత్రం ఈ లెక్క వర్తించదు. కృష్ణ అన్న మాటకి అర్థమే నలుపు. కానీ క్యాలెండర్ వేసినవాడు ఆయన్ని నల్లగా వదల్లేదు, నీలం ఇచ్చాడు. చీకటికి రంగు పోశాడు. 'మాయాబజార్' 1957లో నలుపు-తెలుపులో వచ్చింది. 2010లో దానికి రంగులేసి విడుదల చేశారు. పాత ఫిల్మ్‌లో ఉన్నది వెలుగు ఎంత అన్న సంగతి ఒక్కటే. ఈ బూడిదరంగు ఒళ్ళు నీలమా, గోధుమా, చామనా అన్నది ఫ్రేము తర్వాత ఫ్రేములో ఎవరో కూర్చుని నిర్ణయించి ఉండాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ గురించి నేను చాలాసార్లు అనుకుంటాను. నేను చేసేదీ కొంచెం అలాంటి పనే.

మా అక్కకి ముప్పై ఒకటి. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. నల్లగా ఉంటుంది. ఈ వాక్యం రాసి, పైన చెప్పిన కారణం వల్ల, ఇది సరిపోదని తెలిసి ఆగాను. ఎండలో అక్క బుగ్గ మీద రాగి కనిపిస్తుంది. గొంతు కింద నీడ పడ్డచోట బాగా పండిన చింతపండు రంగు. పెదాల అంచు నేరేడు. ఇవన్నీ కలిపి నలుపు అంటున్నాం.

పోయినేడు మ్యారేజ్ బ్యూరోకి ఇవ్వడానికి అమ్మ అక్కని ఒక స్టూడియోకి తీసుకెళ్ళింది. వారానికి ఫొటో వచ్చింది. మొహం సిమెంటు రంగులో ఉంది. చేతులు మాత్రం అక్కవే. ఆ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపి అక్క కింద రాసింది: "మొహం ఎవరిదో పెట్టారు, చేతులు మార్చడం మర్చిపోయినట్టున్నారే."

ఆ సిమెంటు ఎలా వస్తుందో నాకు తెలుసు. వేసవి సెలవులకి అక్క నా దగ్గరికి, కూకట్‌పల్లికి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో చూపించాను. చర్మం తాలూకు వెలుగుని మాత్రమే పైకి ఎత్తి, రంగుని ఉన్నచోటే వదిలేస్తే ఒళ్ళు బూడిదబారుతుంది. అక్క రెండు నిమిషాలు చూసి, "ఇదేముందే, పానకంలో నీళ్ళు కలిపారు" అంది. "బెల్లం అంతే ఉంది, నీళ్ళు పెరిగాయి. తియ్యదనం పోక ఏమవుతుంది? సాచురేషన్ అంటే మా దగ్గర సంతృప్త ద్రావణం. ఇక్కడా అదే కదా?"

అదే. అక్క చెప్పినంత బాగా నేను చూసిన ఏ వీడియోలోనూ చెప్పలేదు. నిజంగా మనిషి మీదకి ఇంకో దీపం తెస్తే నీళ్ళతోపాటు బెల్లమూ అదే పాళ్ళలో పెరుగుతుంది. మొహం వెలుగుతుంది కానీ చప్పబడదు. ఒట్టి నీళ్ళు కలిపితే తెల్లబడినట్టు అనిపిస్తుంది. మనం తెలుపు అనుకునేదాంట్లో సగం వెలుగు కాదు, రంగు లేకపోవడం.

ఇదొక్క తెనాలి స్టూడియో గొడవ కాదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబ్ యంత్రాలని సరిచేసుకోవడానికి కొడాక్ ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. ఆ కార్డుకి షర్లీ అని పేరు. ఆ అమ్మాయి ఒళ్ళు సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. వేరే ఒంటిరంగుల మనుషుల్ని కూడా కలిపిన కార్డు 1990ల్లో గానీ రాలేదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లో రియల్ టోన్ అని పెట్టి, నల్లటి ఒళ్ళని ఉన్నట్టు చూపిస్తామంది. మరుసటేడు ఎల్లిస్ మంక్ అనే సమాజశాస్త్రవేత్తతో కలిసి పది మెట్ల ఒంటిరంగుల పట్టిక ఒకటి విడుదల చేసింది. ఈలోగా మన చేతుల్లోని ఫోన్లు చాలావరకు అడక్కుండానే పానకంలో నీళ్ళు పోస్తూ వచ్చాయి.

ఆ సాయంత్రం ఆరింటికి మా మేడమీద, ఎండ వాటర్ ట్యాంకు వెనక్కి పోయాక అక్కని ఫొటో తీశాను. ముదురాకుపచ్చ మంగళగిరి చీర, తల్లో కనకాంబరాలు. రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కూర్చుని దిద్దాం. ముందు ఎక్స్‌పోజర్ కాస్త, మూడోవంతు స్టాపు పెంచాను. వెలుగుల్లో సాచురేషన్ 12 తగ్గించాను. అక్కడున్నవి గొలుసు, కనకాంబరాలు, నుదుటి మీద మెరుపు. నల్లటి ఒంటి మీద మెరుపు బాగా తెలుస్తుంది. కానీ ఆ మెరుపు ఒంటిది కాదు, ఆకాశానిది. దానికి రంగు పోస్తే నూనె రాసినట్టు ఉంటుంది. మధ్యలో 6 పెంచాను. నీడల్లో 18. మరీ కిందున్న చీకటిని, జుట్టు లోపలినీ చీర మడతల అడుగునీ, వదిలేశాను.

18 దగ్గర గడ్డం కింద చింతపండు రంగు వచ్చింది. మొహం ఏమీ తెల్లబడలేదు. హిస్టోగ్రామ్‌లో చూస్తే వెలుగు దాదాపు అంతే ఉంది. కానీ చెంప ఎక్కడ తిరుగుతోందో, దవడ ఎక్కడ మొదలవుతోందో తెలిసింది. అక్క ఏమీ అనకుండా చూసింది. తర్వాత, "బాత్రూమ్ అద్దంలో ఇలాగే ఉంటాను. ఫొటోలోనే ఎప్పుడూ ఉండను" అంది.

అమ్మకి పంపాం. వెంటనే ఫోన్ చేసింది.

"నలుపు నలుపులాగే ఉంది కదే."

"ఉన్నట్టే ఉంటుంది కదమ్మా."

"ఉన్నట్టు పంపితే ఎవరు చూస్తారే?" అని, కాసేపాగి, "అయినా కళగా ఉంది. మీ నాయనమ్మ కళ" అంది.

ఆ పూట అమ్మ ఒక విషయం చెప్పింది. పెళ్ళిచూపుల్లో మా నాయనమ్మ అమ్మని వాకిట్లోకి పిలిచి, ఎండలో నిలబెట్టి చూసిందట. ఇంట్లో దీపాల్లో రంగు తెలీదని. "ఆవిడేమో నీకంటే నాలుగాకులు నలుపు" అంది అమ్మ అక్కతో. నవ్వుతూనే అంది. నలభై ఏళ్ళ కిందటి ఎండ అమ్మకి ఇంకా ఒంటిమీద ఉంది. అమ్మ అక్కని స్టూడియోకి తీసుకెళ్ళింది అక్క రంగు నచ్చక కాదు, ఆ ఎండలో కూతురిని నిలబెట్టలేక.

సాచురేషన్‌కి పుస్తకాల్లో ఉన్న తెలుగు సంతృప్తత. నాకు మాత్రం అమ్మ అన్న కళే దానికి దగ్గరి మాట అనిపిస్తుంది. కళ తప్పిన మొహం అంటాం. దానర్థం నల్లబడ్డ మొహం అని కాదు. లోపలి రంగు పోయిన మొహం అని.

అక్క ఆ ఫొటోనే బ్యూరోకి ఇమ్మంది. వాళ్ళు రెండుసార్లు, "ఇంకేదైనా మంచి ఫొటో ఉంటే పంపండి మేడమ్" అని మెసేజ్ పెట్టారు. అక్క రెండుసార్లూ ఇదే పంపింది. "చూడ్డానికి వచ్చేవాడు ఈ ఫొటో చూసే రావాలి. వాణ్ణి వాకిట్లోకి మనం పిలిచే పని ఉండదు" అంది. ఇంకా ఏదీ కుదరలేదు. ఒక సంబంధం ఫొటో దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి కట్నం దగ్గర ఆగింది. ఆ రెండోది ఏ స్లైడరుకీ అందేది కాదు.

నా దగ్గరికి వచ్చే ఆల్బమ్‌ల సంగతి ఇంత తేలిక కాదు. అక్కడ డబ్బులిచ్చేది వాళ్ళు, ఆ ఫొటోలు చూసుకుంటూ బతికేదీ వాళ్ళు. దాదాపు ప్రతి ఇంటినుంచీ ఒకే మాట వస్తుంది: "అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యండి." మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు నేను చేసేది ఇది. వెలుగు కొద్దిగా పెంచుతాను, అడిగారు కాబట్టి. పెంచినదానికి తగ్గ బెల్లం నీడల్లోనూ మధ్యలోనూ వేస్తాను. తలంబ్రాల్లో పసుపు తగ్గిస్తాను, ఎందుకంటే మొహం పక్కన పసుపు అరుస్తుంటే మొహం చప్పబడినట్టు ఉంటుంది. చాలా ఇళ్ళవాళ్ళు చూసి, "ఆ, ఇప్పుడు బాగుంది, తెల్లగా వచ్చింది" అంటారు. అమ్మాయి తెల్లబడలేదు. వాళ్ళకి కావలసింది కళ, నోట్లో ఉన్న మాట తెలుపు. ఇలా అనుకోవడం నాకు ఇష్టం.

కానీ అన్నిసార్లూ అది నిజం కాదు. ఒక ఇంటినుంచి ఆల్బమ్ మొత్తం వెనక్కి వచ్చింది. వాళ్ళకి తెలుపే కావాలి, ఆ మాట విడమరిచి చెప్పారు. మా ఫ్రెండ్ తన ప్రీసెట్ ఒకటి వేసి, గంటలో మూడు వందల ఫొటోలూ తెల్లగా చేసి పంపేశాడు. వాళ్ళు చాలా సంతోషించారని చెప్పాడు. పెళ్ళికూతురు ఏమందో అతనికి తెలీదు. ఆ ఫొటోల గురించి మాతో మాట్లాడిన నలుగురిలో ఆ అమ్మాయి లేదు. అప్పటినుంచి, కుదిరిన చోట, అమ్మాయినే ఒకసారి అడిగి చెప్పమంటున్నాను. అతను అడుగుతున్నాడు. కొందరు మీ ఇష్టం అంటారు. ఒకమ్మాయి మాత్రం ఆఫీసు ఐడీకార్డు ఫొటో పంపి, ఈ రంగులో ఉంచండి అని రాసింది. ఆ కార్డు ఫొటో ట్యూబ్‌లైట్ కింద తీసినదే, కానీ అందులో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

సంక్రాంతికి అక్క ఫొటో ప్రింట్ వేయించుకుని ఊరు వెళ్ళాను. తెర తన వెలుగుతో తను వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుగుని అప్పు తీసుకోవాలి. అందుకని ప్రింట్ ఎప్పుడూ తెరమీదకన్నా ముదురుగా వస్తుంది. మొదటి ప్రింట్‌లో గడ్డం కింద అంతా నల్లగా మూసుకుపోయింది. నీడల్ని కొంచెం ఎత్తి, 18ని 24 చేసి, మెరుపులేని కాగితం మీద రెండోది వేయించాను. అమ్మ దాన్ని ముందుగదిలో టీవీ పక్కన, కిటికీకి ఎదురుగా పెట్టింది. అక్కడైతే పొద్దున్న పదింటిదాకా ఎండ పడుతుంది, రంగు తొందరగా వెలిసిపోతుందని చెప్పాను.

"వెలిస్తే ఇంకోటి వేయించుకొద్దువులే" అంది అమ్మ.